అరవై దాటాక హార్మోన్లు, నరాలు: ఏది వయసు, ఏది జబ్బు? ఇంటి నుంచి ల్యాబ్ దాకా వరసగా తేల్చుకునే పద్ధతి

కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయంటే వయసు. రాత్రి నాలుగుసార్లు లేస్తున్నానంటే వయసు. పేర్లు గుర్తుకు రావట్లేదన్నా వయసే. పెద్దవాళ్లున్న ప్రతి ఇంట్లో ఈ మాట వినిపిస్తుంది. దాని మాటున, బాగయ్యే జబ్బులు ఏళ్ల తరబడి దాక్కుంటాయి. దీనికి పూర్తి ఎదురు తప్పు కూడా ఉంది. పిల్లలు ఫోన్లో ఎనభై పరీక్షల ప్యాకేజీ బుక్ చేస్తారు, రిపోర్టులో నల్లగా దిద్ది వచ్చిన ప్రతి అంకెకీ ఒక మాత్ర మొదలవుతుంది. ముందు మనిషిని చూడాలి, తర్వాత వాడుతున్న మాత్రల్ని, ఆఖర్న రక్తాన్ని. ఈ వరస తిరగేస్తే డబ్బూ పోతుంది, దారీ తప్పుతుంది.

లోపల నిజంగా మారేది ఏమిటి

మెదడు అడుగున హైపోథాలమస్, దాని కింద శనగగింజంత పిట్యూటరీ. థైరాయిడ్, అడ్రినల్, అండాశయం, వృషణాలకి ఆదేశాలు వెళ్లేది ఇక్కడి నుంచే. అంటే నరాల వ్యవస్థ, హార్మోన్ల వ్యవస్థ కలిసేది ఈ కూడలిలోనే. అందుకే ఒకదాని లోపం రెండోదాని లక్షణంగా బయటపడుతుంది: థైరాయిడ్ తగ్గితే మతిమరుపు, షుగర్ పడిపోతే మాట తడబాటు, సోడియం దిగితే అయోమయం.

అన్ని హార్మోన్లూ ఒకేలా తగ్గవు. డీహెచ్ఈఏ అనే అడ్రినల్ హార్మోన్ డెబ్బై, ఎనభై ఏళ్లకి యవ్వనంలో ఉన్నదాంట్లో పదో వంతో ఐదో వంతో మిగులుతుంది. గ్రోత్ హార్మోన్‌ది కూడా దాదాపు అదే దారి. ఈ రెండింటినీ బయటినుంచి ఎక్కిస్తే వయసు వెనక్కి పోతుందని చెప్పేవాళ్లకి దూరంగా ఉండండి, అంతకన్నా చెప్పాల్సింది లేదు. మగవాళ్లలో టెస్టోస్టెరాన్ ముప్పై, నలభై దాటాక ఏడాదికి సుమారు 1 శాతం చొప్పున దిగుతుంది. ఆడవాళ్లలో ఈస్ట్రోజన్ అలా మెట్టుమెట్టుగా దిగదు, కొన్నేళ్లలోనే జారిపోతుంది. ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ తగ్గదు సరికదా, సాయంత్రానికి దిగాల్సినంత దిగదు. రాత్రి మూత్రాన్ని చిక్కబరిచే వాసోప్రెసిన్ లయ చెదురుతుంది. నిద్రవేళ చెప్పే మెలటోనిన్ పల్చబడుతుంది, గాఢనిద్ర తగ్గుతుంది.

నరాల సంగతికొస్తే, సంకేతం నడిచే వేగం మందగిస్తుంది. ఒంట్లో అన్నిటికన్నా పొడవైన నరాలు నడుం నుంచి కాలివేళ్ల దాకా పోయేవి కాబట్టి లోపం మొదట అక్కడే కనిపిస్తుంది. నిలబడగానే బీపీ పడిపోకుండా క్షణాల్లో సర్దే మెడ దగ్గరి నరాల స్పందన కూడా నెమ్మదిస్తుంది. దాహం తెలియడమూ తగ్గుతుంది. ఏప్రిల్, మే ఉక్కపోతలో చొక్కా తడిసి ఒంటికి అతుక్కున్నా "నాకు దాహం లేదమ్మా" అని పెద్దాయన అనడం నిజమే. ఆయన అబద్ధం ఆడట్లేదు, మెదడే ఆయనకి చెప్పట్లేదు.

మొదటి అడుగు: ఏడు రోజుల నోటుబుక్కు

పడుకున్న టైము, లేచిన టైము, రాత్రి ఎన్నిసార్లు బాత్రూమ్‌కి, తూలిన సందర్భం, తిన్న ఎంతసేపటికి నిస్త్రాణ వచ్చింది, ఇవి రాయండి. రాత్రి మూత్రం సమస్య ఉంటే ఒక రోజు కొలతల మగ్గు వాడండి. పడుకున్న దగ్గర్నుంచి పొద్దున్న లేచాక మొదటిసారి దాకా పోసినదంతా ఒక లెక్క, మిగతా పగటిది ఇంకో లెక్క. రాత్రిది మొత్తంలో మూడో వంతు దాటితే గొడవ ప్రోస్టేటుది మాత్రమే కాదు, రాత్రిపూట మూత్రమే ఎక్కువ తయారవుతోంది. సాయంత్రానికి పాదాలు వాచేవాళ్లలో ఆ నీరే పడుకోగానే రక్తంలోకి తిరిగొచ్చి మూత్రంగా దిగుతుంది. వీళ్లు మధ్యాహ్నం ఓ గంట కాళ్లు దిండు మీద ఎత్తిపెట్టుకుంటే రాత్రి లేవడం తగ్గుతుంది. వాపు ఎందుకొస్తోందో డాక్టరు చూడటం మటుకు తప్పనిసరి.

రెండో అడుగు: నిలబడి చూసే బీపీ

ఇది చాలాచోట్ల చెయ్యరు. కూర్చోబెట్టి చూసి పంపేస్తారు. ఇంట్లో చేతికి పట్టీ కట్టే మిషన్ ఉంటే చాలు, మణికట్టుది వద్దు.

వెల్లకిలా 5 నిమిషాలు పడుకోబెట్టి బీపీ, నాడి రాయండి. లేపి నిలబెట్టి సరిగ్గా 1 నిమిషానికి ఒకసారి, 3 నిమిషాలకి ఇంకోసారి చూడండి. చెయ్యి వేలాడకూడదు, గుండె ఎత్తున ఎవరైనా పట్టుకోవాలి. వేలాడితే అంకె ఎక్కువ చూపించి పడిపోయిన బీపీని దాచేస్తుంది. పక్కన మనిషి లేకుండా ఈ పరీక్ష చెయ్యొద్దు. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడితే లెక్కలోకి తీసుకోవాలి. బీపీ అంత పడినా నాడి 15 కూడా పెరగలేదంటే నరాల వైపు అనుమానం పెరుగుతుంది. నాడి దడదడలాడుతుంటే ఒంట్లో నీరు తక్కువో, రక్తం తక్కువో అయివుండొచ్చు.

రెండు పూటలు చూడండి: పొద్దున్న మాత్ర వేసుకోకముందు, మధ్యాహ్నం భోజనం అయిన గంటకి. కొందరికి అన్నం తిన్నాకే పడుతుంది, రక్తమంతా పేగుల వైపు మళ్లుతుంది కాబట్టి. పెద్ద కంచం నిండా అన్నం తగ్గించి, అదే తిండిని రెండు పూటలుగా విడగొడితే వీళ్లకి తేడా తెలుస్తుంది.

పడుతోందని తేలితే బీపీ మాత్ర మీ అంతట మీరు ఆపకండి, అంకెలు డాక్టరుకి చూపించండి. ఈలోపు మంచం దిగేముందు పాదాలు ఇరవైసార్లు పైకీ కిందికీ ఆడించాలి, అంచున ఓ నిమిషం కూర్చోవాలి, లేచాక పది లెక్కపెట్టి కదలాలి. మగవాళ్లు రాత్రిపూట కూర్చునే మూత్రం పొయ్యాలి. గుండె, కిడ్నీ జబ్బుల్లేనివాళ్లు లేచే ముందు రెండు గ్లాసుల నీళ్లు గబగబా తాగినా కాసేపు బీపీ నిలబడుతుంది.

మూడో అడుగు: పాదాలు

కళ్లు మూసుకోమనండి. రెండు కాళ్లకీ బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసల్ని మీ చూపుడువేలి కొసతో ఒకటి రెండు సెకన్లు తాకండి. నొక్కొద్దు, తట్టొద్దు, నిమరొద్దు. ఆరుచోట్లలో రెండు, అంతకుమించి తెలియకపోతే స్పర్శ తగ్గినట్టే.

తర్వాత గోడ మూలలో నిలబెట్టి, పాదాలు రెండూ దగ్గరకి చేర్చి 30 సెకన్లు కళ్లు తెరిచి, ఆపైన కళ్లు మూసి. తెరిచినప్పుడు నిలకడగా ఉండి, మూయగానే తూలితే, కీళ్లు ఎక్కడున్నాయో మెదడుకి చెప్పే నరాలు సరిగా పనిచెయ్యట్లేదు. ఇలాంటివాళ్లు సింక్ దగ్గర ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకున్నప్పుడే మొదటిసారి పడబోతారు. "దూది మీద నడిచినట్టుంది" అన్న మాట వినబడితే బి12 పరీక్ష వాయిదా వెయ్యొద్దు.

కాళ్ల బలానికి: చేతులు ఛాతీకి అడ్డంగా కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవాలి. 15 సెకన్లు దాటితే కండ తగ్గిందని అర్థం.

స్పర్శ తగ్గినవాళ్లకి మన విశాఖలో ప్రత్యేకంగా చెప్పాల్సినవి రెండు. బీచ్‌లో వట్టికాళ్లతో నడక మానాలి. గవ్వ కోసినా, మధ్యాహ్నం ఇసుక కాల్చినా సాయంత్రం కాళ్లు కడుక్కునేదాకా తెలీదు. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు చెప్పుల్లేకుండా నడవడమూ వీళ్లకి పనికిరాదు. అప్పన్నకి మెత్తటి బూట్లతో దణ్ణం పెట్టుకున్నా తప్పులేదు. షుగర్ ఉన్నవాళ్లలో చిన్న బొబ్బ పుండై, వేలు తీసేదాకా రావడానికి పెద్ద దూరం లేదు.

నాలుగో అడుగు: మాత్రలన్నీ పేపరు మీద

ఇంట్లో ఉన్న ప్రతి మాత్ర, సిరప్, పొడి, లేహ్యం తెచ్చి పేపరు మీద పరవండి. షాపులో అడిగి తెచ్చుకున్న జలుబు మాత్ర కూడా. అట్ట వెనక మందు పేరు చదవాలి, కంపెనీ పెట్టిన పేరు కాదు. ఒకే మందు రెండు పేర్లతో నడుస్తున్న ఇళ్లు చాలా.

క్లోర్‌ఫెనిరమైన్ ఉన్న జలుబు మాత్రలు, అమిట్రిప్టిలిన్ లాంటివి మెదడులో జ్ఞాపకానికి అవసరమైన రసాయనం అసిటైల్‌కోలిన్‌ని అడ్డుకుంటాయి. వయసు మీద పడ్డవాళ్లలో మతిమరుపు, మలబద్ధకం, మూత్రం బిగబట్టడం తెస్తాయి. షుగర్ మందు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గుతుంది, గ్యాస్‌కని రోజూ వేసుకునే పాంటోప్రజోల్ దానికి తోడవుతుంది. క్లోర్‌థాలిడోన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన బీపీ మాత్రలు సోడియం దించుతాయి. వేసవిలో చెమట, "బీపీ కదా, ఉప్పు పూర్తిగా మానేశాం" అన్న పట్టుదల, ఈ మాత్ర మూడూ కలిస్తే రెండు మూడు రోజుల్లో మనిషి వింతగా మాట్లాడటం మొదలెడతాడు. ప్రోస్టేటుకి ఇచ్చే టామ్సులోసిన్ నిలబడగానే బీపీ దించుతుంది. కాళ్లమంటలకి రాత్రి వేసే ప్రెగాబలిన్ కలిసిన క్యాప్సూల్ మంట తగ్గిస్తుంది, తూలు పెంచుతుంది. అందులో ఉన్న మిథైల్‌కోబాలమిన్ (ఒక రకం బి12) పేరు చూసి "నరాల బలానికిది" అనుకుంటారు.

అసలు "నరాల వీక్‌నెస్" అనే మాటే చిక్కు తెచ్చిపెడుతోంది. ఆ పేరుతో రెండు మూడు రకాల బి కాంప్లెక్స్ మాత్రలు ఒకేసారి నడుస్తుంటాయి. వాటిలోని పిరిడాక్సిన్, అంటే బి6, రోజుకి 100 మిల్లీగ్రాములు దాటి నెలల తరబడి లోపలికి పోతే అదే నరాల్ని దెబ్బతీసి తిమ్మిర్లు తెస్తుంది. అట్టల మీది అంకెలు కూడి చూడండి.

కీళ్లనొప్పులకి ఎక్కడో తెచ్చిన పేరులేని పొడులుంటే ఇంకా జాగ్రత్త. వాటిలో స్టెరాయిడ్ కలిపి అమ్మేవాళ్లున్నారు. మూడు నాలుగు వారాలు మించి స్టెరాయిడ్ పడితే అడ్రినల్ గ్రంథి సొంతంగా కార్టిసాల్ చెయ్యడం తగ్గిస్తుంది. హఠాత్తుగా మానేస్తే వాంతులు, బీపీ పడిపోవడం, సొమ్మసిల్లడం. ముఖం గుండ్రంగా ఉబ్బి, చర్మం పల్చబడి, చిన్న దెబ్బకే నల్లగా కమిలిపోతుంటే ఆ పొడి డాక్టరుకి చూపించండి, మానే పద్ధతి ఆయన చెప్తారు.

ఐదో అడుగు: రక్తం, సరైన వేళకి

మొదటి విడతలో ఇవి సరిపోతాయి: రక్తకణాల పరీక్ష, క్రియాటినిన్ (కిడ్నీల పనికి), సోడియం, పొటాషియం, కాల్షియం, తినకముందు షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌కి పిట్యూటరీ పంపే ఆదేశ హార్మోన్), బి12, డి విటమిన్. మిగతావి లక్షణం ఉంటేనే.

ఎప్పుడు ఇస్తున్నామన్నది ఏం ఇస్తున్నామన్నంత ముఖ్యం. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు ఆ రోజు రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. జుట్టుకని బయోటిన్ వాడుతుంటే రెండు మూడు రోజుల ముందు ఆపాలి, లేకపోతే థైరాయిడ్ అంకెలు తారుమారవుతాయి. డెంగీనో న్యుమోనియానో వచ్చి ఆసుపత్రిలో ఉన్నప్పుడు చేసిన టీఎస్‌హెచ్‌ని పట్టుకుని జీవితాంతం మాత్ర మొదలెట్టకూడదు, ఆరు వారాలాగి మళ్లీ చేయించాలి. టెస్టోస్టెరాన్ పొద్దున్న 7 నుంచి 10 లోపు, పరగడుపున, వేర్వేరు రోజుల్లో రెండుసార్లు. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ ఇచ్చినది లెక్కకి రాదు. బి12 మాత్రం సూది వేయించుకోకముందే ఇవ్వాలి. సూది తర్వాత అంకె ఆకాశంలో ఉంటుంది, లోపం ఉండేదా లేదా అన్నది ఇక తేలదు.

నలభై ఐదు దాటి, నెలసరి గాడితప్పి, ఒంట్లో వేడి ఆవిర్లు వస్తున్న ఆవిడకి నెలసరి ఆగే దశని తేల్చే ఎఫ్ఎస్‌హెచ్ పరీక్షతో పనే లేదు. లక్షణాలే చెప్తాయి.

అంకెల్ని ఎలా చదవాలి

టీఎస్‌హెచ్ గురించే ఎక్కువ గొడవ. ల్యాబ్ కాగితం మీద సుమారు 0.4 నుంచి 4 అని ఉంటుంది. అది వయసుని చూసి వేసిన గీత కాదు. డెబ్బై దాటాక ఈ హార్మోన్ సహజంగానే కొంత పెరుగుతుంది. డెబ్బై నాలుగేళ్ల మనిషికి 6.2 వచ్చిందంటే రెండు మూడు నెలలాగి థైరాయిడ్ గ్రంథి తయారుచేసే హార్మోన్ ఫ్రీ టీ4తో కలిపి మళ్లీ చూడాలి. టీ4 సరిగా ఉండి, టీఎస్‌హెచ్ 10 లోపు ఉంటే ఆ వయసులో చాలామందికి మాత్ర అక్కర్లేదు. అనవసరంగా ఇచ్చిన లెవోథైరాక్సిన్ (థైరాయిడ్ మాత్ర) గుండె లయ తప్పిస్తుంది, ఎముకని గుల్ల చేస్తుంది. నిజంగా అవసరమైతే, గుండెజబ్బు ఉన్నవాళ్లకి 12.5 లేదా 25 మైక్రోగ్రాములతో మొదలెట్టి, ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చూసుకుంటూ పెంచుతారు. మాత్ర ఉత్త నీళ్లతో వేసుకోవాలి. ఫిల్టర్ కాఫీ కనీసం అరగంట, వీలైతే గంట తర్వాతే. కాల్షియం, ఐరన్ మాత్రలకి నాలుగు గంటల ఎడం. "డోసు పెంచినా తగ్గట్లేదు" అన్న ఫిర్యాదుల్లో కాఫీ పాత్ర తక్కువేం కాదు.

బి12 200 పికోగ్రాముల లోపు అంటే లోపం. 200–300 మధ్య అనుమానం, లక్షణాలుంటే వైద్యం చెయ్యడమే మేలు. అలవాటుగా శాకాహారులైనవాళ్లు, మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు, వయసుతో పొట్టలో యాసిడ్ తగ్గినవాళ్లు ఈ లోపం ఎక్కువగా వచ్చే గుంపు. నరాల లక్షణాలుంటే 1000 మైక్రోగ్రాముల సూదులు మొదట్లో దగ్గర దగ్గరగా, తర్వాత నెలకోటి. ఒక్క ఫోలిక్ యాసిడ్ మాత్రే ఇస్తే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, నరాలు లోపల చెడిపోతూనే ఉంటాయి. ఎక్కువ మెరుగు మొదటి ఆరు నెలల్లోనే, ఆలస్యమైన కొద్దీ తిరిగొచ్చేది తక్కువ.

డి విటమిన్ విషయంలో మన ఊరి అపోహ ఒకటుంది: పొద్దున్నే బీచ్ రోడ్డులో నడుస్తున్నాం కదా, మాకెందుకు తగ్గుతుంది అని. సూర్యోదయం ఎండలో డి విటమిన్ తయారుచేసే కిరణాలు దాదాపు ఉండవు. అవి పది నుంచి మూడు మధ్య ఎండలోనివి. పైగా ముసలి చర్మం తయారుచేసేది తక్కువ. లోపం తేలితే 60,000 యూనిట్ల సాచెట్ వారానికి ఒకటి, ఎనిమిది వారాలు. "వారానికి" అన్నది వినిపించుకోక రోజూ తాగినవాళ్లకి కాల్షియం పెరిగి, మలబద్ధకం, అయోమయం, కిడ్నీ దెబ్బ.

సోడియం 135 లోపు తక్కువ. 130 కన్నా దిగితే అదే రోజు డాక్టరు దగ్గరికి. ఇంట్లో ఉప్పునీళ్లు తాగించి సరిచెయ్యబోకండి, గబుక్కున పెంచినా మెదడుకి ప్రమాదమే.

హెచ్‌బీఏ1సీ 6.2 అని మురిసిపోయే ముందు చూడండి: ఎనభై ఏళ్ల మనిషి, షుగర్ దించే గ్లిమెపిరైడ్ వాడుతూ ఆ అంకె తెచ్చుకున్నాడంటే రాత్రిళ్లు షుగర్ పడిపోతుండొచ్చు. నీరసించిన పెద్దవాళ్లకి 8 దాకా ఉన్నా సరిపెట్టుకుంటారు. వీళ్లలో షుగర్ పడితే చెమట, వణుకు రాకపోవచ్చు, చిరాకు, తికమక, మగత మాత్రమే కనిపిస్తాయి. 70 లోపుంటే, మింగగలిగితే, మూడు చెంచాల పంచదార నీళ్లలో ఇచ్చి 15 నిమిషాలకి మళ్లీ చూడాలి.

నిద్ర, నీళ్లు, తిండి, నడక

నిద్ర పట్టట్లేదనేవాళ్లలో రెండు రకాలున్నారు, రెండింటికీ ఒకే సలహా ఇస్తే తప్పు. పదకొండుకి పడుకుని ఒంటిగంట దాకా దొర్లేవాళ్లకి పొద్దుటి వెలుగు మందు. తూర్పు తీరం కాబట్టి మే, జూన్‌లో ఐదున్నరకి ముందే తెల్లారిపోతుంది, బీచ్ రోడ్డు నడక వీళ్లకి సరిగ్గా సరిపోతుంది. ఏడున్నరకే కళ్లు మూతలు పడి, మూడింటికి లేచి కూర్చునేవాళ్లకి అదే వెలుగు సమస్యని ముదురుస్తుంది. వాళ్ల గడియారం ఇప్పటికే ముందుకి జరిగింది. వీళ్లు సాయంత్రం వెలుగులో తిరగాలి. డిసెంబరులో ఐదున్నరకల్లా చీకటి పడే ఊరు కాబట్టి నాలుగింటికే బయల్దేరాలి, ఇంటికొచ్చాక హాల్లో పెద్ద లైటు వెయ్యాలి. పగటి కునుకు మూడు లోపు, అరగంట మించకుండా.

నీళ్లకి దాహాన్ని నమ్ముకోవద్దు. లీటరు సీసా నింపి, సాయంత్రం నాలుగుకి ఖాళీ అవ్వాలని పెట్టుకోండి, ఆరు తర్వాత తగ్గించండి. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకి ఎంత అన్నది డాక్టరు చెప్పాలి.

కండ తగ్గితే ఒళ్లు ఇన్సులిన్ మాట వినడం తగ్గుతుంది, పడిపోవడం పెరుగుతుంది. కిడ్నీలు బాగుంటే కిలో బరువుకి 1 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ కావాలి, అరవై కిలోల మనిషికి 60–72 గ్రాములు. నెత్తళ్లు, కవళ్లు, కానాగంతలు తింటే ప్రోటీనుతో పాటు బి12 కూడా. గుడ్డుకి 6 గ్రాములు. చేపలు ముట్టనివాళ్లు పప్పు, పెరుగు, శనగల మీద గట్టిగా నిలబడాలి. చోడి (రాగి) అంబలి కాల్షియానికి మంచిదే గానీ ప్రోటీనుకి దాన్నే నమ్ముకుంటే చాలదు.

నడక ఒక్కటే సరిపోదన్నది గట్టిగా చెప్పాలి. వంటగట్టు పట్టుకుని మడమలెత్తడం పదిహేనుసార్లు, కుర్చీలోంచి లేచి కూర్చోవడం పదిసార్లు, గట్టు మీద వేళ్లానించి ఒంటికాలి మీద పది సెకన్లు. రోజూ రెండు విడతలు. నిలకడ వచ్చాక వేళ్లు తియ్యాలి.

ఆడవాళ్లకి, మగవాళ్లకి వేరుగా

మన దేశంలో నెలసరి ఆగేది సగటున 46–47 ఏళ్లకి. ఈస్ట్రోజన్ తగ్గగానే హైపోథాలమస్‌లో ఒంటి వేడిని చూసే నరకణాలు అతిగా స్పందిస్తాయి. దాంతో పిసరంత వేడి పెరిగినా ఒళ్లంతా చెమటలు. ఉక్కపోతకీ దీనికీ తేడా: ఆవిరి ఛాతీ దగ్గర మొదలై మెడ, ముఖానికి ఎక్కి, నిమిషాల్లో తగ్గి, తర్వాత చలి పుడుతుంది, ఏసీ గదిలోనూ వస్తుంది. బాగా బాధపెడుతుంటే హార్మోన్ వైద్యం ఉంది. అరవైలోపు, నెలసరి ఆగిన పదేళ్ల లోపు మొదలెడితే లాభం ఎక్కువ. గర్భసంచి ఉంటే ప్రొజెస్టరాన్ తోడు ఉండాలి. రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డలు వచ్చినవాళ్లకి తగదు. ఏడాది పాటు ఆగిన నెలసరి మళ్లీ చుక్క కనిపించినా ఆ వారంలోనే గైనకాలజిస్టుకి చూపించాలి.

మగవాళ్లకి నీరసం ఒక్కటీ చూసి టెస్టోస్టెరాన్ సూది వద్దు. రెండు పొద్దుటి పరీక్షలూ తక్కువొచ్చి, లక్షణాలూ ఉంటేనే. మొదలెడితే ప్రోస్టేటుని, రక్తం చిక్కదనాన్ని చూసుకుంటూ ఉండాలి. హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) 54 శాతం దాటితే ఆపాల్సిందే.

ఆగకూడని సందర్భాలు

మూతి వంకర, ఒక పక్క చెయ్యి జారిపోవడం, మాట ముద్దగా రావడం, హఠాత్తుగా తూలడం లేదా చూపు పోవడం: వెంటనే 108. గడ్డ కరిగించే సూదికి నాలుగున్నర గంటలే గడువు, అదీ మనిషి ఆఖరిసారి బాగున్న టైము నుంచి. ఆ టైము రాసి పట్టుకెళ్లండి, స్కాన్ సౌకర్యం ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లండి.

నిన్నటిదాకా బాగున్న మనిషి గంటల్లో, రోజుల్లో అయోమయమైతే అది మతిమరుపు జబ్బు కాదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, సోడియం, షుగర్, కొత్త మాత్ర, బిగబట్టిన మూత్రం, తరచూ వీటిలో ఏదో ఉంటుంది, అదే రోజు చూపించాలి. ఒక చెయ్యి ఊరికే ఉన్నప్పుడు వణకడం, చొక్కా గుండీలు పెట్టుకోడానికి చాలాసేపు పట్టడం, రాత అక్షరం అక్షరానికీ చిన్నదైపోవడం కనిపిస్తే తొందర అంత ఉండదు గానీ న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాలి.

కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఓపీకైనా, ప్రైవేటుకైనా వెళ్లేరోజు సంచిలో ఉండాల్సినవి: ఏడు రోజుల నోటుబుక్కు, పడుకున్న, నిలబడిన బీపీ అంకెలు, మాత్రల అట్టలన్నీ (చింపిన ముక్కలు కాదు, పేరు కనిపించేవి), పాత రిపోర్టులు తేదీల వరసలో. రాత్రి పక్కన పడుకునే మనిషిని కూడా తీసుకెళ్లండి. గురక, కలవరింత, నిద్రలో చేతులు విసరడం సంగతి చెప్పగలిగేది ఆవిడో, ఆయనో మాత్రమే.